అక్టోబరు 1, నవంబరు 1: ఏ తేదీ దేనికి?

ప్రశ్న: మా గ్రంథాలయంలోని నల్లబల్లపై రోజూ ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికతో ఒక విశేషం రాస్తున్నాము. ఆంధ్రులు మద్రాసు నుంచి విడిపోయిన రోజుగా నవంబరు 1ని రాస్తే పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆంధ్ర రాష్ట్రపు తొలినాళ్ళకు సంబంధించి ఏయే తేదీలు రాయవచ్చు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పెద్దల అభ్యంతరం న్యాయమైనదే. మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలు విడివడి, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది 1953 అక్టోబరు 1న. హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు దానితో కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించినది 1956 నవంబరు 1న. రెండూ గురువారాలే కావడం కాకతాళీయం. మొదటి రాష్ట్రం మూడేళ్ళ పైన ఒక్క నెల మాత్రమే ఉండడంతో, దాని తేదీలు జనం నోట నిలవలేదు.

పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట నిరాహార దీక్షకు కూర్చున్నది 1952 అక్టోబరు 19న, కన్నుమూసినది డిసెంబరు 15 రాత్రి. తేదీలను తీసివేసి 57 రోజులే కదా అని అడిగేవారుంటారు. మొదటి రోజును కూడా కలుపుకుంటేనే అందరూ చెప్పే 58 వస్తుంది. మద్రాసు నగరాన్ని మినహాయించి ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రధాని నెహ్రూ లోక్‌సభలో ప్రకటించినది డిసెంబరు 19న.

రాజధాని కర్నూలుకు ఎందుకు వెళ్ళిందో తెలియాలంటే 1937 నవంబరు 16ను కూడా బల్లకెక్కించాలి. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి నివాసమైన శ్రీబాగ్‌లో ఆ రోజు కుదిరిన ఒడంబడిక ప్రకారం, రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమకు, రెండవది కోస్తాకు దక్కాలి. ఏది కావాలో ఎంచుకునే అవకాశం మాత్రం సీమవారిదే. ఆ విధంగా రాజధాని అయిన కర్నూలులో చాలినన్ని భవనాలు లేక, ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని గుడారాలలోనే నడిచాయి. నెహ్రూ ప్రారంభోత్సవం చేసిన ఆ రాష్ట్రానికి సి.ఎం. త్రివేది గవర్నరు, 81 ఏళ్ళ టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. మద్యనిషేధంపై వచ్చిన తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోగా, 1954 నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది; ఎన్నికల తర్వాత 1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

మీరు తెనాలివారు కనుక, 1954 జులై 5ను తప్పక రాయమంటాను. కోకా సుబ్బారావు గారు తొలి ప్రధాన న్యాయమూర్తిగా, ఆంధ్ర హైకోర్టు గుంటూరులో ఆరంభమైన రోజది. గుంటూరు జిల్లావారే ఎక్కువగా మరచిన తేదీ ఇదేనేమో.

ప్రశ్న: నవంబరు 1ని తెలంగాణకు కూడా అవతరణ దినంగా రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: రాయకూడదు. తెలంగాణ రాష్ట్రం అవతరించినది 2014 జూన్ 2న. నవంబరు 1న ‘హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతం ఆంధ్రతో కలిసిన రోజు’ అని రాస్తే తప్పు ఉండదు. ఆ కలయికకు షరతులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందపు తేదీని, అంటే 1956 ఫిబ్రవరి 20ని, దానికి ముందే బల్లపై రాసి ఉంచితే చదివేవారికి నవంబరు 1 సంగతి పూర్తిగా బోధపడుతుంది.