'నాకేమీ రాదు' అంటోంది పాప, ఏం చేయాలి?

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. మా తోటికోడలి కూతురూ అదే తరగతి, ఉండేది ఒకే ఇంట్లో. ఆ పాపకు మంచి ర్యాంకు వస్తుంది, రంగు కూడా ఉంది. ఇంటికి ఎవరొచ్చినా మా అత్తమ్మ ఇద్దర్నీ పోలుస్తుంది, ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు మా ఆయన ఒకటే అరుపులు. ఈ మధ్య ఏం అడిగినా 'నాకేమీ రాదు' అంటోంది. స్నేహితురాలు వేరే బెంచీకి మారిందని అన్నం కూడా సరిగా తినలేదు. 'నువ్వు చాలా తెలివైనదానివి' అని రోజూ చెప్తున్నా, ఏమీ మారలేదు.
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ప్రేమతోనే అంటున్నారు గానీ ముందు ఆ 'తెలివైనదానివి' అనే మాట ఆపేయండి. ఇంట్లో మిగతావాళ్లంతా ఇంకోలా మాట్లాడుతుంటే ఆ మాట పాప నమ్మదు. నమ్మినా చిక్కే. అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనలో అయిదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చి, కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చేసరికి, తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లలే త్వరగా చేతులెత్తేశారు, తమకొచ్చిన మార్కులు ఎక్కువ చేసి చెప్పుకున్నదీ వాళ్లలోనే ఎక్కువమంది. ఆ పేరు ఎక్కడ పోతుందోనన్న టెన్షన్ అది. కాబట్టి మీరు కళ్లారా చూసిందే చెప్పండి. 'నిన్న రాని లెక్క ఇవాళ మళ్లీ వేసి చూశావు కదా' అంటే చాలు, అందులో కాదనడానికి ఏమీ ఉండదు.

అసలు పని పెద్దవాళ్లతో ఉంది. అత్తమ్మతో మీరు గొడవ పడొద్దు, వాళ్లమ్మకు చెప్పాల్సింది మీ ఆయన, అదీ ఎవరూ లేనప్పుడు. ఆయన చెప్పేదాకా మాత్రం ఊరుకోకండి. చుట్టాల ముందు పోలిక మొదలైతే 'అత్తా, పాప వింటోంది, ఆ మాట వద్దు' అని నెమ్మదిగానే, అందరికీ వినపడేలా అనండి. మీరు తన వైపు మాట్లాడారని పాపకు తెలియాలి, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం అనిపిస్తుంది. రంగు గురించి అయితే సర్దుకుపోవడమే లేదు, నవ్వుతూ అన్నా సరే ఆపేయాల్సిందే.

అలాగని ఆ రెండో పాపను తక్కువ చేసి మాట్లాడొద్దు. ర్యాంకు పోతే ఈ ముద్దు కూడా పోతుందేమో అని ఆ పిల్లకూ లోపల భయం ఉండొచ్చు, ఎవరం అడగం. ఇద్దర్నీ మార్కుల గోల లేకుండా ఆడుకోనివ్వండి.

ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రాత్రి దాని మాటే ఎత్తొద్దని మీ ఆయనతో చెప్పండి, మర్నాడు పక్కన కూర్చుని ఏ పాఠం అర్థం కాలేదో అడిగితే సరి. ఈ వయసు పిల్లలు 'నాకు ఇది చేతనవుతుందా' అని తమను తాము కొలుచుకుంటూనే ఉంటారు. ఆ జవాబు మార్కుల్లోనే వెతుక్కోకుండా ఇంట్లో నిజమైన పని ఒకటి అప్పగించండి, నెల సరుకుల చీటీ రాసి, మీతో పాటు అంగడికి వచ్చి, లెక్క సరిచూసే పని లాంటిది. తప్పు చేస్తే తనే దిద్దుకోనివ్వండి, మీరు లాక్కుని చేసేయకండి.

స్నేహితురాలి సంగతికొస్తే, 'పోతే పోనీ, ఇంకొకరు దొరుకుతారులే' అనకండి. ఏం జరిగిందో మధ్యలో అడ్డు రాకుండా వినండి, ఆ పిల్ల తల్లికి వెంటనే ఫోన్ చేయకండి. పదే పదే వెక్కిరిస్తున్నారంటే మాత్రం టీచర్‌ని కలవండి. టీచరే అందరి ముందు అవమానిస్తుంటే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది, ఆ మాట ధైర్యంగా అడగొచ్చు.

తిండి, నిద్ర రెండు వారాలకూ కుదురుకోకపోయినా, స్కూలుకు పోనని మొండికేసినా డాక్టరుకు చూపించండి. కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చచ్చిపోవాలనుందని ఒక్కసారి అన్నా సరే, ఒంటరిగా వదలకండి, ఆ రోజే తీసుకుపోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మిరప కోతలకు గుంటూరు వైపు పోతాం. మూడో తరగతి చదివే కొడుకును వాళ్ల అవ్వ దగ్గర వదిలిపోతాం. ఫోన్లో మాట్లాడడు, తిరిగొచ్చినా దగ్గరికి రాడు. వానికి అన్యాయం చేస్తున్నామా?
– ఒక తండ్రి, కోసిగి

జవాబు: అన్నా, బతుకుతెరువు కోసం పోవడం అన్యాయం కాదు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంటి గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లకు అమ్మానాన్న కాకపోతే అవ్వో తాతో, గట్టిగా అండగా నిలబడ్డ మనిషి ఒకరుండేవారు. మీవాడికి ఆ అవ్వ ఉంది, ఆమెను వాని ముందు ఎప్పుడూ తక్కువ చేయకండి. ఆమెకు చేతకాని రోజులొస్తే, వలస పోయేవాళ్ల పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ గురించి బడిలో అడగండి.

మీరొచ్చాక వాడు మొహం తిప్పుకున్నాడంటే కోపం, ఆ కోపం మీ మీద ఆశ ఉన్నందుకే. బొమ్మలు కొనిచ్చి మరిపించాలని చూడకుండా, పక్కనే ఉండి కాస్త ఓపిక పట్టండి. ఫోన్లో 'బాగా చదువుతున్నావా' అని మొదలుపెట్టొద్దు, ఆ రోజు చేన్లో మీరేం చూశారో చెప్పండి, వాడే ఏదో ఒకటి అడుగుతాడు. పోయే రోజు మాత్రం వాడు నిద్రలో ఉండగా బండెక్కకండి. లేపి, ఎప్పుడొస్తారో చెప్పి పోండి. ఉగాదికి అంటే ఉగాదికి రండి, రాలేకపోతే పండగకు ముందే ఫోన్ చేసి వానికే చెప్పండి.