డబ్బు కంటే ముందు తేదీ గురించి మాట్లాడండి

హైదరాబాద్‌లో మీరు తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న కంపెనీ, లింఫోమా అనే క్యాన్సర్‌కు మీకు కీమో నడుస్తుండగా, 9 లక్షలు ఇస్తాం, ఈ నెలాఖరుకు రాజీనామా చేయండి అంటోందని, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు. ఆ తేదీకి మాత్రం ఒప్పుకోకండి. డబ్బు సంగతి తర్వాత తేల్చుకోవచ్చు.

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నప్పుడు నాకూ ఇదే ఎదురైంది. డే కేర్ వార్డులో చేతికి మందు ఎక్కుతుండగా హెచ్‌ఆర్ నుంచి ఫోను వచ్చింది. పత్రం మెయిల్ చేశాం, ఫోనులోనే సంతకం చేసేయవచ్చు అన్నారు. తెరిస్తే మొదటి వాక్యమే ‘వ్యక్తిగత కారణాల వల్ల నా ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను’ అని ఉంది. ఆస్పత్రిలో ఉన్నాను, చదువుకుని వారం తర్వాత చెబుతానని జవాబు రాశాను. కీమో ఎక్కించిన రోజూ, ఆ తర్వాత స్టెరాయిడ్లతో నిద్రపట్టని రాత్రులూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. తొందర వాళ్లది, మీది కాదు.

ముందు ఆ 9 లక్షలను విడదీసి చూడండి. మీ బేసిక్ 60 వేలు అన్నారు. ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 రోజుల లెక్కన తొమ్మిదేళ్లకు గ్రాట్యుటీయే సుమారు 3 లక్షల 11 వేలు. అది చట్టప్రకారం మీకు రావలసిందే, కంపెనీ దయ కాదు. లక్షా 20 వేల జీతానికి రెండు నెలల నోటీసు సొమ్ము 2 లక్షల 40 వేలు. మిగిలిపోయిన సెలవుల డబ్బు వేరే. పత్రంలో ‘అన్ని బకాయిలతో కలిపి’ అని ఉంటే, వాళ్లు కొత్తగా ఇస్తున్నది మూడున్నర లక్షలలోపే.

దానికి బదులుగా మీరు వదులుకునేది ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూపు పాలసీ సాధారణంగా ఉద్యోగం చివరి రోజుతోనే ఆగిపోతుంది. మీకింకా కీమోలు మిగిలి ఉన్నాయి, ఆపైన జబ్బు తగ్గిందో లేదో చూసే పెట్ స్కాన్లు. బయట కొత్త పాలసీ దొరికినా, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు ఖర్చు చెల్లించని నిరీక్షణ కాలం పెట్టవచ్చు. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడానికి ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు పెట్టండి. కానీ చికిత్స మధ్యలో ఉన్నవారిని తీసుకుంటారన్న భరోసా లేదు. పీఎఫ్‌తోపాటు వచ్చే జీవిత బీమా, గరిష్ఠంగా 7 లక్షలు, అది కూడా ఉద్యోగంతో ముడిపడిందే. ఈ మాట ఇలాంటప్పుడు రాయడం కష్టంగానే ఉంది, అయినా ఇంట్లోవాళ్ల కోసం తెలిసి ఉండాలి.

నేను అడిగింది ఒక్కటే: సొమ్ము కొంత తగ్గించండి, చికిత్స పూర్తయ్యేవరకు జీతం లేని సెలవు మీద నన్ను ఉద్యోగంలో కొనసాగించండి. మొదట కుదరదన్నారు. చికిత్స ఎప్పటికి ముగుస్తుందో డాక్టరు రాసిచ్చిన లేఖ జతచేసి మళ్లీ అడిగితే దిగివచ్చారు. మూడు వారాలకోసారి ఏడాదిపాటు తీసుకోవలసిన ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లు ఆ పాలసీ మీదే పూర్తయ్యాయి. సెలవు కాలంలో బీమా నాకూ కుటుంబానికీ కొనసాగుతుందని మాత్రం రాతపూర్వకంగా తీసుకున్నాను. నోటిమాటను నమ్మకండి. సంతకానికి ముందు కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదికి పత్రం చూపించండి.

మీలాంటి పరిస్థితిలో ఉండి, జీతం నెలకు 21 వేలు మించక, రెండేళ్లుగా ఈఎస్‌ఐలో ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే: క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక జబ్బులకు వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా భృతి ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. ఆ కార్యాలయంలో కనుక్కోకుండా రాజీనామా చేయకండి.

మీ భార్య కూడా ఉద్యోగం చేస్తున్నారని రాశారు. వాళ్ల కంపెనీ పాలసీలో మిమ్మల్ని చేర్చవచ్చేమో, ఉన్న జబ్బుకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందేమో కనుక్కోమనండి. చాలాచోట్ల జీవిత భాగస్వామిని పాలసీ పునరుద్ధరణ సమయంలోనే చేర్చుకుంటారు. అది ఏ నెలలో వస్తుందో తెలిస్తే, మీ హెచ్‌ఆర్‌తో చివరి తేదీ కనీసం ఆ నెల దాటేలా పట్టుబట్టవచ్చు.