కొత్త ఓటరైన మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

పద్దెనిమిదేళ్లు నిండాయి కదా, ఓటు మన ఊరిలో రాయించుకోవాలా, చదువుకుంటున్న హైదరాబాదులోనా అని నువ్వు అడిగిన ప్రశ్నకు ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

హాస్టల్లో ఉండే విద్యార్థులు కళాశాల ఇచ్చే ధ్రువపత్రంతో అక్కడే ఓటరుగా చేరవచ్చు, సొంత ఊరిలోనైనా చేరవచ్చు. రెండు చోట్లా ఉండటం మాత్రం చట్టం ఒప్పుకోదు. నువ్వు ఊరిలోనే చేరాలని నా కోరిక. నల్గొండ జిల్లాలోని మన ఊరు నీకు ఎంతో దూరం కాదు, పైగా అసెంబ్లీ జాబితా ఆధారంగానే పంచాయతీ ఓటర్ల జాబితా తయారవుతుంది కాబట్టి, ఇక్కడ పేరు ఉంటేనే గ్రామసభలో నీ మాటకు హక్కు ఉంటుంది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే కనుక, కొత్త ఓటర్ల దరఖాస్తు అయిన ఫారం-6 వెంటనే నింపు. పదో తరగతి మెమోలో ఉన్నట్లే పేరు, ఇంటి పన్ను రసీదులో ఉన్నట్లే ఇంటి నంబరు రాయి.

దరఖాస్తు పెట్టాక పని అయిపోయిందని అనుకోవద్దు. ఉపాధ్యాయుడిగా ఎన్నికల విధులకు వెళ్లిన రోజుల్లో, చేతిలో ఓటరు కార్డు ఉండి కూడా జాబితాలో పేరు లేక, గంటసేపు వరుసలో నిలబడి వెనుదిరిగిన పిల్లల ముఖాలు చూశాను. ఓటు హక్కు కార్డులో ఉండదు, జాబితాలో ఉంటుంది. అందుకే ముసాయిదా జాబితా వెలువడిన ప్రతిసారీ నీ పేరే కాకుండా మన వీధి మొత్తం చదువు. చనిపోయినా ఇంకా ఉన్నవారి పేర్లు, కాపురానికి వచ్చినా జాబితాకు ఎక్కని కోడళ్ల పేర్లు బీఎల్‌వో (మన పోలింగు కేంద్రం ఓటర్ల జాబితా చూసే అధికారి) దృష్టికి తీసుకువెళ్లు. పోలింగు రోజున నీ ఓటు ఇంకెవరో వేసి వెళ్లారని తెలిస్తే గొడవపడకుండా, పోలింగు కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు, అంటే అలాంటప్పుడు విడిగా కాగితపు బ్యాలెట్‌పై వేసే ఓటు, ఇవ్వమని అడుగు. అది నీ హక్కు.

అభ్యర్థి తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రకటించే అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరికైనా దొరుకుతుంది. అది చదవకుండా ఓటు వేయవద్దు. ఎన్నికలు రాగానే యువజన సంఘాలకు క్రికెట్ కిట్లు, ర్యాలీకి పెట్రోలు, ఇంటికి నోట్లు వస్తాయి. వాటిని ముట్టవద్దని నీ స్నేహితులకు కూడా గట్టిగా చెప్పు, ఎందుకంటే చట్టం దృష్టిలో ఇచ్చినవాడితోపాటు పుచ్చుకున్నవాడిదీ నేరమే.

ఇక సామాజిక మాధ్యమాల్లో పోస్టులు పెడితే చాలదా అని అడిగావు. చాలదనే చెబుతాను. 2006 నుంచి మన దగ్గర ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగినప్పుడు, కూలీల ఇళ్లలో పుట్టి చదువుకున్న యువతీయువకులే మస్టరు రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకొని ఇంటింటికీ తిరిగి, "నీ పేరున ఇన్ని రోజుల పని రాశారు, చేశావా, డబ్బు అందిందా?" అని అడిగి, ఆ జవాబులను మండల కేంద్రంలో ప్రజావేదిక ముందు, అధికారులు కూర్చుని ఉండగానే చదివి వినిపించారు. వాళ్లలో చాలామందికి నీకున్నంత చదువు కూడా లేదు. అయినా కాగితం మీద ఉన్నదాన్ని మనిషితో సరిచూసే ఓపిక, ఎదుటివాడి హోదాకు బెదరని ధైర్యం వాళ్లకు ఉన్నాయి. ప్రజాజీవితంలో యువత చేయవలసిన పని ఇదేనని నేను నమ్ముతాను.

మన పంచాయతీలో నువ్వు చేయగలిగింది కూడా ఇలాంటిదే. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. ఈసారి వచ్చే ముందు మీ నలుగురు స్నేహితులూ కలిసి గత తీర్మానాల నకళ్లు కావాలని కార్యదర్శిని అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. తీర్మానంలో రాసిన మురుగు కాలువ వీధిలో ఉందో లేదో కళ్లతో చూసి, కొలిచి, ఆ తరువాతే సభలో లేచి మర్యాదగా అడగండి.

వచ్చే గ్రామసభ తేదీ తెలియగానే నీకు కబురు చేస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య