పిప్ ఇన్‌స్టాల్ అయింది అంటోంది, ఇంపోర్ట్ మాత్రం కావట్లేదు: ఉబుంటులో ఏం చేయాలి?

"పిప్ ఏమో 'రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్ఫైడ్' అంటుంది, ఇంపోర్ట్ కొడితే 'నో మాడ్యూల్ నేమ్డ్' అంటుంది, సుడో పెట్టి కూడా చేసి చూశాను" అని మీరు రాశారు. పిప్ అంటే పైథాన్ భాషకి కావాల్సిన మాడ్యూళ్లు (రెడీమేడ్ కోడ్ కట్టలు) తెచ్చిపెట్టేది, ఇంపోర్ట్ అంటే వాటిని మన కోడ్‌లోకి పిలవడం, సుడో అంటే కమాండ్‌ని అడ్మిన్ అధికారంతో నడపడం. ఆ సుడో ముక్క చూసే ఈ జవాబు రాయబుద్ధయింది.

పందెం కాస్తాను, మీ సిస్టమ్‌లో పైథాన్ ఒకటి కాదు, రెండో మూడో ఉన్నాయి. పిప్ ఒకదాంట్లో పెడుతోంది, మీరు నడిపేది ఇంకోటి. 'పిప్ --వెర్షన్' కొట్టండి, ఆ పిప్ ఏ పైథాన్‌దో చివర్లో బ్రాకెట్లలో ఉంటుంది. తర్వాత 'పైథాన్3 --వెర్షన్' కొట్టండి. అంకెలు కలవకపోతే దొంగ దొరికినట్టే. ఇకమీదట ఉత్త పిప్ మానేసి 'పైథాన్3 -ఎం పిప్ ఇన్‌స్టాల్' అని కొట్టండి, ఏ పైథాన్‌ని పిలిచారో దానికే వెళ్తుంది.

దయచేసి దీనికోసం సిస్టమ్ పైథాన్ (ఉబుంటుతోపాటే వచ్చి, దాని సొంత పనులకి వాడుకునేది) జోలికి మాత్రం పోకండి. నేను పోయాను.

2019లో అమీర్‌పేట హాస్టల్లో ఉండేవాణ్ణి. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 18.04, దాంతోపాటు వచ్చిన పైథాన్ 3.6. నాకు కావాల్సిన మాడ్యూల్ 3.7 అడిగింది. ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో 3.7 వేసుకున్నా. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ 'పైథాన్3' అని కొట్టిన ప్రతిసారీ 3.6 వస్తోందని ఒళ్లు మండి, కమాండ్లుండే యూఎస్ఆర్ బిన్ ఫోల్డర్లో, ఆ పేరు ఏ వెర్షన్‌ని పిలవాలో చెప్పే పైథాన్3 లింకును 3.7 వైపు తిప్పేశా. వెర్షన్ అడిగితే 3.7 అంది. ఏదో సాధించినట్టు పడుకున్నా.

పొద్దున టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) నొక్కితే గుండ్రంగా తిరిగి మాయమైపోతోంది. మళ్లీ నొక్కినా అంతే. తర్వాత తెలిసిందేంటంటే, 18.04లో గ్నోమ్ టెర్మినల్‌ని తెరిచేదే ఒక పైథాన్ స్క్రిప్టు. దానికి 'జీఐ' అనే మాడ్యూల్ కావాలి. అందులో సీ భాషలో రాసిన భాగం 3.6 కోసం కంపైల్ చేసింది, 3.7కి పనికిరాదు. బాగుచేయాలంటే టెర్మినల్ కావాలి, టెర్మినల్ రావాలంటే బాగుచేయాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది. పక్క మంచం వాడు దుప్పట్లోంచే "విండోస్ వేసుకోరా అని ఎప్పుడో చెప్పా" అన్నాడు.

ఫోన్లో వెతగ్గా కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 అని ఉంది. నొక్కితే నల్లటి తెర, లాగిన్ అడిగింది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్క కూడా కనపడదు, పడుతోందో లేదో తెలీదు. 'సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్' అని కొట్టి లింకును మళ్లీ 3.6కి పెట్టాక ప్రాణం లేచొచ్చింది.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే, మేం నేర్చుకున్న చోట సార్ ఏ ఎర్రర్ వచ్చినా "ముందు సుడో తగిలించండి" అనేవాడు. జలుబుకీ కాలు విరిగినదానికీ ఒకటే గోళీ. పిప్‌కి సుడో అంటే, ఆప్ట్ చూసుకునే ఇంట్లోకి రూట్ (అడ్మిన్) అధికారంతో మీరొచ్చి సామాన్లు సర్దడం. 2023లో వచ్చిన డెబియన్ 12 (ఉబుంటుకి మూలమైన లినక్స్), ఉబుంటు 23.04 నుంచి పిప్పే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' (ఈ ఇల్లు చూసుకునేవాళ్లు వేరే ఉన్నారు) అని ఆపేస్తోంది. దానికీ మనవాళ్ల దగ్గర మందుంది, '--బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' తగిలించమంటారు. ఏం విరుగుతుందో పేరులోనే రాసి పెట్టినా చదవరు!

మీరు ప్రాజెక్టుకి విడిగా ఒక పైథాన్ ఫోల్డర్ చేసిపెట్టే 'పైథాన్3-వెన్వ్' ప్యాకేజీని ఆప్ట్‌తో వేసుకుని, ప్రాజెక్టు ఫోల్డర్లో 'పైథాన్3 -ఎం వెన్వ్ ఎన్వ్' కొట్టి, యాక్టివేట్ చేసుకుని, అందులో పిప్ వాడుకోండి. చెడిపోతే ఆ 'ఎన్వ్' ఫోల్డర్ ఒక్కటే డిలీట్ చేసి మళ్లీ చేసుకోవచ్చు, సిస్టమ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా ఇంపోర్ట్ కాకపోతే, ఒకసారి మీ సొంత ఫైలు పేరు చూసుకోండి. మా జూనియర్ ఒకడు తన స్క్రిప్టుకి 'నమ్‌పై డాట్ పీవై' అని పేరు పెట్టుకుని, నమ్‌పై అనే మాడ్యూల్ రావట్లేదని నా దగ్గరికొచ్చాడు. అది తనని తనే ఇంపోర్ట్ చేసుకుంటోందని కనిపెట్టేసరికి ఇద్దరికీ మెస్‌లో భోజనం అయిపోయింది.