చెట్టు నా స్థలంలోదే, అనుమతి ఎందుకు?

ప్రశ్న: మా ప్రహరీ పక్కన పెద్ద వేపచెట్టు ఉంది. దాని వేళ్ల వల్లే తమ గోడ బీటలు వారిందని, చెట్టు కొట్టించమని పక్కింటివారు ఏడాదిగా పట్టుబడుతున్నారు. వారి పోరు పడలేక దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు తిరస్కరించారు. నా స్థలంలోని చెట్టుకు ఇంకొకరి అనుమతి ఎందుకు? ఇప్పుడు ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: స్థలం మీదైనంత మాత్రాన చెట్టును కొట్టే హక్కు మీకు రాదమ్మా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే మనం వాల్టా అని పిలుచుకునేది, సొంత స్థలంలోని చెట్టును కొట్టడానికి కూడా ముందుగా అనుమతి తీసుకోవాలంటుంది. ‘ముందు కొట్టించండి, తర్వాత జరిమానా కట్టేయవచ్చు’ అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. తాజ్‌మహల్ చుట్టూ ఉన్న పరిరక్షణ ప్రాంతంలో అనుమతి లేకుండా 454 చెట్లు నరికించిన వ్యక్తికి 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. ఆ చెట్లలో ఎక్కువ భాగం ప్రైవేటు స్థలంలోవే. పోయిన పచ్చదనం తిరిగి రావడానికి కనీసం నూరేళ్లు పడుతుందని కూడా కోర్టు అన్నది.

మీ తగవులో తేలవలసింది గోడ సంగతి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి, పక్కనే తేదీ వేసి, వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ వెడల్పు కొలిచి రాసుకోండి. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంగుతుంది కాబట్టి చెట్టే లేని చోట కూడా గోడలు పగులుతాయి. చెట్టుకు దూరంగా ఉన్న గోడలకూ అలాంటి బీటలే ఉంటే తప్పు వేపది కాకపోవచ్చు. వేరు నిజంగానే పునాదిని నెడుతున్నట్లు తేలితే, అక్కడివరకు గోడ విప్పి, వేరు పైనుంచి దూలం వేసి తిరిగి కట్టించుకోవచ్చు. వేళ్లను మాత్రం నరికించవద్దు. పట్టు తప్పిన చెట్టు గాలివానకు ఇంటి మీదే పడవచ్చు. కొమ్మలు కత్తిరించాలన్నా ముందుగా అధికారిని అడగడం మంచిది.

తిరస్కరణ ఉత్తర్వును కారణాలతో సహా రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే అప్పీలుకు వెళ్లాలన్నా, మళ్లీ దరఖాస్తు పెట్టాలన్నా ఆ కారణాలకే జవాబు చెప్పుకోవాలి. మాను తొర్ర పడి తడితే డొల్లగా మోగుతున్నా, మొదట్లో పుట్టగొడుగులు లేస్తున్నా, ఒక పక్క మట్టి పైకి లేచి చెట్టు కొత్తగా ఒరుగుతున్నా వెంటనే ఫొటోలతో మళ్లీ దరఖాస్తు చేయండి. ఇవేవీ లేకపోతే అధికారి మీ చెట్టును కాపాడి మంచిపనే చేశారని నా అభిప్రాయం.

బీట కొలతలు పక్కింటివారి ఎదుటే తీసి, ఆ కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేయండి. రేపు వారు కోర్టుకు వెళ్లినా, మీ మాట కన్నా ఆ కాగితమే ఎక్కువ పని చేస్తుంది.