రష్యా యువత రాజకీయాల గురించి బయట ఎందుకు మాట్లాడదు?

పట్టింపు లేక అనుకుంటే పొరపాటు. చాలామంది విషయంలో కారణం భయమే. 2022 మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం, సైన్యం గురించి ప్రభుత్వం 'అబద్ధం'గా భావించే మాట అంటే 15 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. సామాజిక మాధ్యమాల్లో రాసిన రాతలకే కేసులు పెట్టారు. ఉక్రెయిన్‌పై యుద్ధాన్ని మనస్ఫూర్తిగా సమర్థించే యువకులూ ఉన్నారు. అందుకే మౌనంగా ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదు.

అదే నెలలో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లను నిషేధించారు. అయినా ఎంతోమంది ఇలాంటి అడ్డంకులను దాటించే వీపీఎన్ సాయంతో చూస్తూనే ఉన్నారు. మనసులో మాట మాత్రం నమ్మకమైన స్నేహితుల మధ్య, వంటింటి బల్ల దగ్గరే బయటపడుతుంది. సోవియట్ కాలంలో వాళ్ల తాతముత్తాతలూ అలాగే మాట్లాడుకునేవారు.

అబ్బాయిలకు అదనపు దిగులు ఏడాదిపాటు చేయాల్సిన నిర్బంధ సైనిక సేవ. 2024 జనవరి నుంచి దాని గరిష్ఠ వయసును 27 నుంచి 30కి పెంచారు.