అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అంటే నిజంగా రైలు మార్గమేనా? ఎవరు నడిపారు, ఎంతమందిని తప్పించారు?

అది రైలూ కాదు, భూగర్భంలోనూ లేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి పారిపోయి వచ్చే బానిసలను రాత్రివేళ ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి చేరవేసిన మనుషుల వరుసకు, అప్పుడప్పుడే వచ్చిన రైలు భాషలో పడిన పేరు అది. ఆశ్రయమిచ్చిన ఇల్లు స్టేషను, దారి చూపినవారు కండక్టర్లు. సిన్సినాటికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఈ పేరు విని నేను కూడా ఏదో సొరంగమే అనుకున్నాను. రిప్లీ అనే చిన్న ఊరు చూశాకే సంగతి అర్థమైంది కనుక దాని గురించే రాస్తాను.

రిప్లీ ఒహాయో నదికి ఉత్తరపు ఒడ్డున, బానిసత్వం లేని ఒహాయో రాష్ట్రంలో ఉంది. అవతలి గట్టు కెంటకీ. అక్కడ 1865 దాకా బానిసత్వం చట్టబద్ధంగానే సాగింది. రాజమండ్రి నుంచి వచ్చిన మా నాన్నగారిని అక్కడికి తీసుకువెళ్తే, గోదావరిని చూస్తూ పెరిగిన ఆయన ఒడ్డున నిలబడి, "ఇంతేనా? ఈత వచ్చినవాడికి ఇదొక లెక్కా?" అన్నారు. వెడల్పు మాటకు వస్తే నిజమే. కానీ నది దాటితే పని అయిపోయేది కాదు. 1850 నాటి చట్టం ప్రకారం బానిసత్వం లేని రాష్ట్రంలో దొరికినవారిని కూడా యజమానికి అప్పగించవలసిందే. సాయపడినవారికి 1,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. విచారణ జరిపే కమిషనరుకు, మనిషిని వెనక్కి పంపితే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు ముట్టేవి. అందుకే ఎందరో ఎరీ సరస్సు దాటి కెనడా చేరేదాకా ఆగలేదు.

ఊరి వెనుక గుట్ట మీద జాన్ రాంకిన్ అనే పాస్టరు ఇల్లు ఉంది. చెక్కమెట్లు ఎక్కడానికి నాన్నగారు రెండుసార్లు ఆగి కూర్చోవలసి వచ్చింది. పదమూడుమంది పిల్లలున్న ఆ కుటుంబం అంత చిన్న ఇంట్లోనే పారిపోయి వచ్చినవారికి కూడా చోటు చూపింది. అవతలి గట్టుకు కనబడేలా రాత్రిళ్లు కిటికీలో దీపం ఉంచేవారని చెబుతారు.

అయితే పాస్టర్లకూ, బానిసత్వాన్ని వ్యతిరేకించిన క్వేకర్లనే క్రైస్తవ శాఖవారికీ దక్కినంత పేరు నల్లజాతివారికి దక్కలేదని నా అభిప్రాయం. కింద నది పక్కనే ఇల్లున్న జాన్ పార్కర్ 1827లో వర్జీనియాలో బానిసగా పుట్టి, ఎనిమిదేళ్ల వయసులో అమ్ముడుపోయి, అలబామాలో ఇనుప పోత పని నేర్చి, ఆ సంపాదనతో 1845లో 1,800 డాలర్లు చెల్లించి తనను తాను కొనుక్కున్నారు. రిప్లీలో పగలు ఫౌండ్రీ పని చూసుకుంటూ, రాత్రి పడవ వేసుకుని తానే కెంటకీ గట్టుకు వెళ్లేవారు. ఒకసారి, భార్యాభర్తలు పారిపోకుండా యజమాని వారి పసిబిడ్డను రాత్రిళ్లు తన మంచం దగ్గరే పడుకోబెట్టుకుని, పక్కన కుర్చీ మీద పిస్తోళ్లు పెట్టుకునేవాడు. పార్కర్ ఆ గదిలోకే చప్పుడు కాకుండా వెళ్లి, బిడ్డను ఎత్తుకుని పరుగెత్తి, ముగ్గురినీ నది దాటించారు.

ఇక ఎంతమంది అన్న ప్రశ్న. తాను తప్పించినవారి వివరాలు పార్కర్ ఒక పుస్తకంలో రాసుకున్నారు. అవి మూడు వందలకు పైనే. 1850 నాటి ఆ చట్టం వచ్చాక, ఆ పుస్తకం దొరికితే తన ఆస్తి అంతా పోతుందని దాన్ని తన ఫౌండ్రీ కొలిమిలోనే పడేశారు. జీవితమంతా ఖజానా ఆఫీసులో లెక్కలు రాసిన నాన్నగారికి పిస్తోళ్ల కథ కంటే ఇదే పట్టుకుంది. "లెక్క రాసినవాడే కాల్చాడంటే ఎంత గడ్డుకాలమో చూడరా" అన్నారు. తానూ బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి, ఆ తర్వాత బానిసత్వం ఉన్న మేరీలాండ్ రాష్ట్రానికే పదమూడుసార్లు వెళ్లి సుమారు డెబ్బైమందిని తీసుకువచ్చిన హారియెట్ టబ్‌మన్ విషయంలో మూడు వందలనే అంకె చాలాచోట్ల కనిపిస్తుంది కానీ, అది అతిశయోక్తి.

లెక్కను కాపాడినవారూ ఉన్నారు. ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యాలయంలో పనిచేసిన విలియం స్టిల్ దగ్గరకు 1850లో ఒక నడివయసు మనిషి తనవాళ్లను వెతుక్కుంటూ వచ్చాడు. తల్లిదండ్రుల పేర్లు అడిగితే అతను చెప్పినవి స్టిల్ సొంత తల్లిదండ్రుల పేర్లే. వచ్చినవాడు నలభై ఏళ్ల క్రితం తల్లి బానిసత్వంలోనే వదిలేయవలసి వచ్చిన అన్న పీటర్. ఇలా విడిపోయినవాళ్లు ఎప్పటికైనా ఒకరినొకరు కనుక్కోవాలని, స్టిల్ తన దగ్గరకు వచ్చినవారి వివరాలు రాసి, దాచి, 1872లో అచ్చువేశారు: ఎక్కడి నుంచి వచ్చారు, యజమాని ఎవరు, వెనుక ఎవరిని వదిలి వచ్చారు, పాత పేరు ఏమిటి, ఇకపై ఏ పేరుతో బతకబోతున్నారు.